ముక్కు మేస్త్రి మార్చిన రేడియేటర్

వీధి చివర రేకుల కప్పు కింద ఒక కార్ల గ్యారేజీ ఉండేది. దాన్ని నడిపే ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది, కానీ భార్యకు కూడా అది తడుముకుంటే తప్ప గుర్తొచ్చేది కాదు. ఊరందరికీ ఆయన ముక్కు మేస్త్రి. అలాగని ముక్కేమీ పెద్దది కాదు. మామూలు ముక్కే, కాస్త చప్పిడి కూడా. పేరు వచ్చింది దాని ఆకారానికి కాదు, అది చేసే పనికి.

ఏ బండి వచ్చినా మేస్త్రి ముందు పానా పట్టుకునేవాడు కాదు. బానెట్ ఎత్తి, చేతులు వెనక్కి కట్టుకుని, పసిబిడ్డ ఉయ్యాల మీదకు వంగినట్టు వంగి, ఒక్కసారి నిండుగా గాలి పీల్చేవాడు. "క్లచ్ ప్లేటు మాడింది" అంటే మాడినట్టే. "ఎక్కడో వైరు తొడుగు కరుగుతోంది" అంటే కరుగుతున్నట్టే. ఎదురుగా టీకొట్టు బల్ల మీద కూర్చున్నవాళ్ళు అది చూడటానికే గ్లాసు ఖాళీ అయినా లేచేవాళ్ళు కాదు. "ఈయన ముందు బండి అబద్ధమాడలేదు" అనేవాళ్ళు. మేస్త్రి పట్టించుకోనట్టే ఉండేవాడు గానీ, ఆ మాట చెవిన పడ్డ రోజు ఒక ముద్ద ఎక్కువే తినేవాడు.

ఆయన దగ్గర పనిచేసేది ఒక్కడే, భార్య తమ్ముడు. నలభై దాటినవాడు, సన్నగా ఉంటాడు, నెమ్మదస్తుడు. పెళ్ళాం పిల్లలతో రెండు వీధుల అవతల కాపురం. మేస్త్రికి బావమరిది కాబట్టి టీకొట్టువాడి దగ్గర్నుంచి టైర్లు అమ్మేవాడి దాకా అందరూ అతన్ని బావమరిది అనే పిలిచేవాళ్ళు. "ఇంతమందికి అక్కల్ని నేనెప్పుడు కట్టబెట్టానో నాకే తెలీదు" అని నవ్వేవాడు. బావ వాసన చూసి చెప్పింది చేతులతో చేసి చూపించడం అతని పని.

అలాంటి మేస్త్రికి చలికాలంలో జ్వరం పట్టుకుంది. వారమంతా మంచం దిగలేదు. జ్వరం తగ్గి లేచిన పొద్దున భార్య టీ ఇస్తే వేడినీళ్ళు తాగినట్టుంది. "ఆకు వెయ్యడం మరిచిపోయావా?" అన్నాడు. ఆవిడ గ్లాసులోకి చూసింది, ఆయన మొహంలోకి చూసింది. స్నానానికి వెళ్ళినప్పుడు సబ్బు ముక్కుకు ఆనించి చూసుకున్నాడు. ఏమీ లేదు. గ్యారేజీకి వెళ్ళి పెట్రోలు గుడ్డ తీసి పీల్చాడు. కళ్ళు మండాయి గానీ వాసన లేదు. గోడను వాసన చూసినట్టే ఉంది.

జలుబు తాలూకు పట్టు, నాలుగు రోజుల్లో అదే వస్తుందిలే అనుకున్నాడు. నెలలు గడిచాయి. రాలేదు. డాక్టరు దగ్గరికి వెళితే మాట బయటికి పొక్కుతుందని వెళ్ళలేదు. ముక్కు మేస్త్రికి ముక్కు పోయిందంటే ఇంక మిగిలేదేమిటి? ఉత్త మేస్త్రి. అలాంటివాళ్ళు బజారునిండా ఉన్నారు. అందుకని మునుపటిలాగే బానెట్ ఎత్తేవాడు, వంగేవాడు, నిండుగా పీల్చేవాడు. తర్వాత కళ్ళతో వెతుక్కునేవాడు, వేళ్ళతో తడిమేవాడు, చెవి ఒగ్గి వినేవాడు. ఇన్నేళ్ళ అనుభవం ఊరికే పోదు కదా, చాలాసార్లు దొరికేది. పైగా ఈమధ్య బావమరిదికి వాగుడు ఎక్కువైంది. "అబ్బా, నూనె ఎంత మాడిపోతోందో బావా!" అనో, "బ్యాటరీ దగ్గర కుళ్ళిన గుడ్డు కంపు" అనో బండి దగ్గరికి వస్తూనే పైకి అనేసేవాడు. వయసు మీద పడుతుంటే మనిషి వసపిట్ట అవుతున్నాడని మేస్త్రి విసుక్కునేవాడు. విసుక్కుంటూనే ఆ మాట పట్టుకుని పని నడిపించేవాడు.

అలా ఉండగా ఒకరోజు పంతులమ్మ కారు వచ్చింది. పంతులమ్మ పక్క వీధిలో ఉంటుంది, స్కూల్లో లెక్కలు చెబుతుంది. కారు వాళ్ళ నాన్నగారి నాటిది.

"రేడియేటర్లో కూలెంట్ నీళ్ళు పోస్తున్నాను, పోతోంది మేస్త్రిగారూ. కింద చుక్క కూడా కనిపించదు. ఎక్కడికి పోతోందో తెలీదు."

మేస్త్రి వంగాడు, పీల్చాడు. రేడియేటర్ మూల పచ్చగా తెల్లగా ఒక చార ఎండిపోయి కనిపించింది. అదే చాలనుకున్నాడు. "రేడియేటర్ పోయిందమ్మా. వేడి మీద కారుతోంది, కారింది కారినట్టే ఆవిరైపోతోంది. మార్చెయ్యాల్సిందే" అన్నాడు. టీకొట్టు బల్ల మీద తలలు ఊగాయి. గాలి కొట్టి లీకు పట్టుకునే చేతిపంపు ఒకటి గ్యారేజీలో ఉంది. దాన్ని దింపితే నామోషీ అనిపించింది. వాసన చూసి చెప్పేవాడికి పంపుతో పనేమిటని జనం అనుకోరూ?

ఇంజను చల్లారనిచ్చి పని మొదలుపెట్టారు. బావమరిది అడుగునున్న మర విప్పి పాత కూలెంట్‌ను బేసిన్‌లోకి పట్టాడు. పైగొట్టం, కిందగొట్టం క్లిప్పులు వదులు చేశాడు. ఫ్యాను వైరు ఊడదీసి, ఫ్యాను తప్పించి, రేడియేటర్‌ను రెండు చేతులా పైకి లాగి గోడకు ఆనించాడు. కొత్తదాని కింద కొత్త రబ్బర్లు వేసి దించాడు, గొట్టాలు తొడిగి బిగించాడు. మేస్త్రి తన చేత్తో కూలెంట్ కలిపి కొద్దికొద్దిగా పోశాడు. లోపల గాలి ఇరుక్కుంటే ఇంజను వేడెక్కిపోతుంది కనక మూత తీసే ఉంచి, ఇంజను నడుపుతూ, కారులోని హీటరు పూర్తిగా తిప్పి ఉంచాలి. అప్పుడు నీరు మూలమూలకూ తిరిగి గాలి బుడగలుగా పైకి వచ్చేస్తుంది. బావమరిది లోపల కూర్చుని యాక్సిలరేటరు తొక్కుతున్నాడు. మేస్త్రి బుడగలు చూస్తూ పోస్తున్నాడు.

బావమరిది అద్దంలోంచి తల బయటపెట్టాడు. "బావా, ఒక్కసారి ఇటు రా. లోపల తియ్యటి వాసన గుప్పుమంటోంది. హీటర్లోంచే."

మేస్త్రి బుడగల మీంచి కళ్ళు తిప్పలేదు. అక్కడికి వెళితే వాసన చూడాలి. చూసి ఏదో ఒకటి చెప్పాలి. "చేతులకంతా కూలెంట్ పూసుకుని కూర్చుంటే తియ్యగా కాక పుల్లగా వస్తుందా? ముందు తొక్కు!" అన్నాడు.

"అది కాదు బావా, అద్దం కూడా..."

"వాసన సంగతి నాకు నేర్పుతావా?"

బావమరిది తల లోపలికి లాక్కుని తొక్కాడు. గొట్టం వేడెక్కింది, ఫ్యాను తిరిగింది, బుడగలు ఆగాయి, మూత పడింది. సాయంత్రం పంతులమ్మ కారు తీసుకుని వెళ్ళింది.

ఆ వారంలోనే ఇంట్లో ఒక మాట బయటపడింది. అన్నం వడ్డిస్తూ భార్య నెమ్మదిగా అంది. "తమ్ముడు సొంతంగా పెట్టుకుందామనుకుంటున్నాడండీ. పంతులమ్మగారి ఇంటి ముందు రోడ్డువైపు షెడ్డు ఖాళీగా ఉందట. ఆవిడా సరేనన్నట్టే ఉంది. మీతో చెప్పాలంటే వాడికి మొహమాటం."

"మంచిదేగా" అన్నాడు మేస్త్రి. ఆ పూట కూర ఎలా ఉందని భార్య అడగలేదు. అడగడం మానేసి చాలా రోజులైందని ఆయనకప్పుడు తట్టలేదు. ఆయన బుర్రంతా ఒక్కటే మాట. వాడు వెళ్ళిపోతే రేపటినుంచి నూనె మాడుతోందని పైకి అనేదెవరు?

తర్వాత కొద్దిరోజులకే పంతులమ్మ కారును తాడుకట్టి లాక్కొచ్చారు. స్కూలు గేటు ముందు ఎర్రలైటు వెలిగి, పొగలు కక్కి ఆగిపోయిందట. పిల్లలంతా చుట్టూ మూగి చూశారట. ఆవిడ మొహం కందగడ్డలా ఉంది. "ఏం మార్చారండీ మీరు? మళ్ళీ కూలెంట్ చుక్క లేదు!"

టీకొట్టు బల్ల నిండా జనమున్నారు. మేస్త్రి బానెట్ ఎత్తాడు. వంగాడు. అలవాటు కొద్దీ పీల్చాడు. ఎప్పటిలాగే గోడ. బల్ల వైపు నుంచి ఎవరో "చెప్పు మేస్త్రీ" అన్నారు. ఆడలేక మద్దెల ఓడన్న మాట ఉండనే ఉంది కదా. చేతికందిన మద్దెల పక్కనే నిలబడి ఉంది.

"కిందగొట్టం క్లిప్పు వదిలేశాడమ్మా. మార్చిన రేడియేటర్ లక్షణంగా ఉంది. బిగించిన చెయ్యి సరిగ్గా లేదు." బావమరిది వైపు తిరిగాడు. "ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు? ఇన్నేళ్ళొచ్చాయి, ఒక్క క్లిప్పు బిగించడం చేతకాదు! నీలాంటోణ్ణి నమ్మి బండ్లు పెట్టుకుంటే నా పేరు గంగలో కలుస్తుంది."

బావమరిది ఆయన మొహంలోకి చూశాడు. కోపంగా కాదు. డాక్టరు రోగిని చూసినట్టు, కాస్సేపు. తర్వాత స్క్రూడ్రైవర్ తీసుకుని కారు కిందకు దూరాడు. అప్పటికే బిగిసి ఉన్న క్లిప్పును ఇంకాస్త బిగించి బయటికొచ్చాడు.

పంతులమ్మ అతని వైపు తిరిగింది. "ఇలాగేనా నువ్వు సొంతంగా పెట్టుకుని చేసేది? షెడ్డు సంగతి నన్ను ఆలోచించుకోనీ" అని, కారు అక్కడే వదిలి నడిచి వెళ్ళిపోయింది. బల్ల మీద ఒకడు కిసుక్కున నవ్వాడు. బావమరిది చేతులు తుడుచుకుని, గుడ్డ మడతపెట్టి కొయ్యకు తగిలించి ఇంటికి వెళ్ళాడు. మర్నాడు రాలేదు.

మర్నాడు మేస్త్రి ఒక్కడే పంతులమ్మ కారులో నీళ్ళు నింపి స్టార్ట్ చేసి, తలుపులు మూసుకుని కూర్చున్నాడు. బావమరిది అన్న మాట రాత్రంతా చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. హీటరు తిప్పాడు. కాసేపటికి ముందద్దం మీద మసకగా పొర కమ్మింది. వేలితో గీస్తే జిడ్డుగా తగిలింది. పక్కసీటు కింద తివాచీ మీద చెయ్యి పెట్టాడు. తడి. చెయ్యి పైకెత్తి చూస్తే వేళ్ళు పచ్చగా, బంకగా ఉన్నాయి.

డాష్‌బోర్డు వెనక హీటరు కోసం ఇంకో బుల్లి రేడియేటర్ ఉంటుంది. కారుతున్నది అది. అందుకే కింద చుక్క కనిపించలేదు. అందుకే లోపల తియ్యటి వాసన. ముక్కున్న ఎవడైనా, చంటిపిల్లాడైనా, ఆ కారెక్కితే చెప్పగలిగిన సంగతి. ఒకడు చెప్పనే చెప్పాడు.

అయినా ఎక్కడో చిన్న ఆశ. పాత రేడియేటర్ నిజంగానే పాడయ్యుంటే తప్పు సగమే కదా. గోడకానించిన దాన్ని తెచ్చి, గొట్టాల నోళ్ళు బిగించి, నీళ్ళ తొట్టిలో ముంచి, ఆ రోజు నామోషీపడ్డ చేతిపంపుతోనే గాలి కొట్టాడు. తొట్టిలో నీళ్ళు అద్దంలా నిలిచాయి. ఇంకాస్త కొట్టాడు. అటు తిప్పి ముంచాడు, ఇటు తిప్పి ముంచాడు. ఒక్క బుడగ రాలేదు. ఆ చార ఎప్పుడో పైగొట్టం కారినప్పటిది. నిక్షేపంలాంటి రేడియేటర్‌ను పీకి గోడకు పెట్టాడు. నిక్షేపంలాంటి మనిషిని నలుగురిలో నిలబెట్టి కడిగాడు. తొట్టి పక్కనే ముక్కాలిపీట మీద కూలబడ్డాడు. టీకొట్టువాడు "టీ పంపించనా మేస్త్రీ?" అని కేకేస్తే ఉలిక్కిపడి భుజాలు తడుముకున్నాడు.

మధ్యాహ్నం ఇంటికి వెళ్ళి భార్యతో మెల్లగా కదిపాడు. "నీ తమ్ముడు ఏమన్నా అన్నాడా?"

"వాడేమంటాడు? కడుపులో పెట్టుకుంటాడు."

"నాకు... ఈమధ్య వాసన సరిగ్గా..."

"తెలుసు" అంది ఆవిడ. బియ్యంలో రాళ్ళు ఏరుతోంది, తలెత్తలేదు. "జ్వరం తగ్గిన రోజే తెలుసు. ఆ టీలో ఆకు రోజూకంటే ఎక్కువే వేశాను. మొన్న పాలు మాడి ఇల్లంతా కమ్ముకుంటే పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. మీరుగా చెబుతారేమోనని ఊరుకున్నాం."

"ఊరుకున్నాం అంటే?"

"నేనూ, వాడూ. బండి రాగానే వాసన ఏమిటో పైకి అనమని వాడికి చెప్పింది నేనే. పాపం, అసలే మాటలు తక్కువవాడు. ఎంత ఇబ్బందిపడేవాడో."

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. ఇన్నాళ్ళూ తను దాస్తున్నాననుకున్నాడు. దాచింది వాళ్ళు. ఊరికి తెలియకుండా ఒకళ్ళు ఇంట్లో, ఒకళ్ళు గ్యారేజీలో తన ముక్కుకు కాపలా కాశారు. ఆ కాపలావాడి చెంపే మాటతో పగలగొట్టాడు.

ఆ రోజూ మరునాడూ కూర్చుని డాష్‌బోర్డు మొత్తం విప్పాడు. అది మామూలు పని కాదు. ఇంటి పెంకులు దించి మళ్ళీ కప్పినంత పని. ఇంకో చెయ్యి ఉంటే సులువయ్యేది. లైటు పట్టుకునేవాడు లేక, నోట్లో కరిచి పట్టుకుని పనిచేశాడు. బుల్లి రేడియేటర్ మూల చిల్లు పడి ఉంది. కొత్తది పెట్టి అన్నీ బిగించి, తడి తివాచీ ఉతికి ఆరేసి వేసి, ముందు మార్చిన కొత్త రేడియేటర్ విప్పి, పంతులమ్మగారి పాతదాన్నే మళ్ళీ దాని చోట కూర్చోబెట్టి కూలెంట్ పోశాడు. కొత్తదాన్ని పక్కన పెట్టాడు. కారు తీసుకుని ఆవిడ ఇంటికి వెళ్ళాడు.

వాకిట్లో నిలబడే చెప్పాడు, కూర్చోమన్నా కూర్చోలేదు. ముక్కు సంగతి, చార సంగతి, క్లిప్పు సంగతి. మాటలు ఒక్కొక్కటీ పంటి కింద రాళ్ళలా తగిలాయి. "మా బావమరిది మొదటిరోజే చెప్పాడమ్మా, హీటర్లోంచి వాసన వస్తోందని. నేనే నోరు మూయించాను. మొన్న మీ ముందు అన్నదంతా అబద్ధం."

పంతులమ్మ కారు తాళాలు అందుకుంది. తిడుతుందనుకున్నాడు. తిడితే బావుణ్ణనుకున్నాడు. చివరికి లెక్క తప్పిన పిల్లవాడిని అడిగినట్టు ఒకే ఒక్కటి అడిగింది. "వాసన రాకపోతే రాకపోయింది. అతను షెడ్డు అడుగుతున్నట్టు మీకు ముందే తెలుసా?"

"తెలుసమ్మా."

"మరి అతనికి షెడ్డు రాకూడదని అన్నారా, భయపడి అన్నారా?"

మేస్త్రి నోరు తెరిచాడు. "భయపడి" అనబోయాడు. నిజమే, భయమే. కానీ షెడ్డు సంగతి ఆలోచించుకుంటానని ఆవిడ అన్నప్పుడు, తల దించుకుని నిలబడ్డ తన లోపల ఏదో చల్లగా తగలలేదూ? వాడు ఇంకెక్కడికీ పోడు అనిపించలేదూ? "నాకే తెలీదమ్మా" అన్నాడు. అబద్ధం చెప్పినప్పటికంటే ఈ నిజం చెప్పినప్పుడే ఎక్కువ సిగ్గేసింది.

అక్కణ్ణుంచి సరాసరి బావమరిది ఇంటికి వెళ్ళాడు. గుమ్మంలో అతని భార్య కనిపించింది. ఎప్పుడూ "రండన్నయ్యా" అని నవ్వే మనిషి, "ఉన్నారు" అని మాత్రం అని పక్కకు తప్పుకుంది. బావమరిది పెరట్లో సైకిలు గొలుసుకు నూనె పెడుతున్నాడు.

"ఎందుకు నోరెత్తలేదురా? క్లిప్పు నువ్వు బిగించింది బిగించినట్టే ఉంది. ఒక్కమాట అనుంటే..."

"ఏమనాలి బావా? నీకు వాసన రాదని బల్ల మీదున్నవాళ్ళందరి ముందూ చెప్పాలా?" అతను పెడల్ తిప్పుతూనే ఉన్నాడు. "అక్క మొహం గుర్తొచ్చింది. ఊరుకున్నా."

"తప్పయిపోయింది."

"ఇక్కడ అంటే ఏం లాభం? తిట్టింది పెరట్లో కాదుగా."

అది నిజం. మరునాడు పొద్దున టీకొట్టు నిండుగా ఉన్న వేళ చూసి మేస్త్రి బల్ల ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. "మొన్న పంతులమ్మగారి కారు సంగతి. తప్పు మా బావమరిదిది కాదు. నాది. నాకు వాసన రావడం మానేసి చాలాకాలమైంది" అన్నాడు.

అందరూ గొల్లున నవ్వారు. "మేస్త్రీ, పొద్దున్నే వేళాకోళమా!" అన్నాడు ఒకడు. "బామ్మర్దిని వెనకేసుకురావడానికి ఎంత మాటన్నాడో చూడు. ఎంత మంచోడు!" అన్నాడు టీకొట్టువాడు, గ్లాసు కడుగుతూ. కాదు, నిజంగానే అని ఆయన రెండుసార్లన్నాడు. వాళ్ళు ఇంకా మెచ్చుకున్నారు. తల తీసుకెళ్ళి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు మేస్త్రికి. తిట్టు కోసం వెళ్ళినవాడికి దండ వేసి పంపించారు. వాళ్ళందరికీ నమ్మకం కలిగేసరికి, ఆ తర్వాత బండ్లు తెచ్చిన ముగ్గురితోనూ ఆయన అదే మాట చెప్పుకోవలసి వచ్చింది. నమ్మిన తర్వాత మాత్రం ఎవరూ నవ్వలేదు. కొందరు బండ్లు ఇంకో చోటికి తీసుకెళ్ళారు.

పంతులమ్మ షెడ్డు బావమరిదికే ఇచ్చింది. షట్టరుకు నీలం రంగు వేసుకున్నాడు. పని మొదలుపెట్టిన రోజు అక్క వెళ్ళింది. మేస్త్రి వెళ్ళలేదు. పిలవలేదని కాదు, పిలిచాడు. గుమ్మం దాకా వచ్చి, "బావా, వీలైతే రా" అన్నాడు. ఆ 'వీలైతే' ఇదివరకు వాళ్ళ మధ్య లేని మాట.

మూడోనాడు మేస్త్రి వెళ్ళాడు. బావమరిది ఒక కారు ముందు కూర్చుని రేడియేటర్ మీద చేతిపంపు తగిలించి గాలి కొడుతున్నాడు. బావను చూసి లేవబోయాడు.

"కానియ్, కానియ్" అన్నాడు మేస్త్రి. పక్కన ఇంకో స్టూలు లేదు. కాసేపు నిలబడి చూశాడు. తర్వాత చొక్కా చేతులు పైకి మడిచి, కింద కూర్చుని, లీకు ఉంటే పడిపోయే ముల్లును చూడటానికి పంపు మీటరు తన వైపు తిప్పుకున్నాడు. బావమరిది అడ్డుచెప్పలేదు. అలాగని పంపు మీంచి తలెత్తనూ లేదు.